వంపు మీద గాలి ఎక్కడ విడిపోతుంది?

(హైదరాబాద్‌లో సైన్సు అభిరుచి గల శ్రోతల ఎదుట చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభకు నమస్కారం.

ముందుగా, దయచేసి ఒక్క నిమిషం ఫ్యాన్లు ఆపించండి. ఈ బల్ల మీద ఒక కొవ్వొత్తి వెలిగించాను. నాకూ దానికీ మధ్య ఈ గుండ్రటి గాజు సీసాను అడ్డంగా పెట్టాను. ఇప్పుడు సీసాకు ఇవతలి నుంచి ఊదుతాను. చూశారు కదా, సీసా అడ్డంగా ఉన్నా కొవ్వొత్తి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి, సీసా తీసేసి, అంతే వెడల్పున్న ఈ అట్టముక్కను నిలబెట్టి ఊదుతాను. ఈసారి మంట ఆరలేదు సరికదా, కొద్దిగా నా వైపుకే వంగింది. వెనుక వరుసల వారికి కనబడి ఉండదు. ముందు కూర్చున్న పిల్లలు సాక్ష్యం చెబుతారు. ఇక ఫ్యాన్లు వేసుకోవచ్చు.

సీసా ఒంటిని అంటిపెట్టుకుని గాలి వెనక్కి తిరిగి, అక్కడ కలుసుకుని, మంటను ఆర్పింది. అట్ట అంచు దగ్గర మాత్రం అది పట్టు వదిలేసింది. వదిలేసిన చోటు వెనుక సుడులు తిరిగే ఖాళీ ఏర్పడింది, ఆ సుడులే మంటను నా వైపుకు లాగాయి. అట్ట విషయంలో గాలి ఎక్కడ విడిపోతుందో చెప్పడానికి ఏ లెక్కా అక్కర్లేదు, ఎందుకంటే పదునైన అంచే ఆ చోటును నిర్ణయిస్తుంది. సీసాకు అంచు లేదు. బంతికి లేదు, విమానం రెక్క పైభాగానికి లేదు, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలకూ లేదు. అంచు లేని వంపు మీద గాలి ఎక్కడ విడిపోవాలన్నది ఆ గాలి అంతవరకూ ఎలా నడిచి వచ్చిందన్న దానిమీద ఆధారపడుతుంది. ఆ చోటును కంప్యూటర్ సిమ్యులేషన్‌తో ముందుగా చెప్పడం ఇప్పటికీ ఎందుకు కష్టంగా ఉందో చెప్పడానికే ఈ సాయంత్రం వచ్చాను.

అసలు గాలి ఎందుకు విడిపోతుంది? బంజారాహిల్స్‌లో పెట్రోలు మిగుల్చుకుందామని ఇంజను ఆపేసి పల్లంలోకి స్కూటర్ వదిలినవారు ఈ సభలో కొందరైనా ఉంటారు. దిగేటప్పుడు వచ్చిన వేగంతోనే ఎదుటి మిట్ట ఎక్కేయవచ్చు, బ్రేకు ఎక్కడా రాసుకోకపోతే. రాసుకుంటే మాత్రం మిట్ట సగంలోనే బండి ఆగి, వెనక్కి జారడం మొదలుపెడుతుంది. వంపు మీద గాలికీ ఇదే జరుగుతుంది. బంతి ముందుభాగం మీద పీడనం తగ్గుతూ పోతుంది కాబట్టి గాలి వేగం పుంజుకుంటుంది, అది పల్లం. బంతి నడుము దాటాక పీడనం మళ్ళీ పెరుగుతుంది, అది మిట్ట. ఉపరితలానికి దూరంగా ఉన్న గాలికి ఆ మిట్ట ఎక్కే సత్తువ ఉంటుంది. ఉపరితలాన్ని రాసుకుంటూ వచ్చిన పలుచని పొర మాత్రం స్నిగ్ధత, అంటే గాలికి ఉండే జిగట, వల్ల తన వేగాన్ని దారిలోనే ఖర్చు పెట్టేసుకుంది. అది మిట్ట మధ్యలో ఆగిపోతుంది, వెనక్కి మళ్ళుతుంది, పైనుంచి వస్తున్న గాలిని ఉపరితలం నుంచి ఎత్తి అవతలకు నెడుతుంది. దీనినే మేము సెపరేషన్ అంటాం.

ఈ సంగతిని 1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో లుడ్విగ్ ప్రాంట్‌ల్ మొదటిసారి విప్పి చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 29. అచ్చులో ఎనిమిది పేజీలు దాటని ఆ పత్రంలో ఆయన చెప్పిన సరిహద్దు పొర, అంటే ఉపరితలాన్ని రాసుకుంటూ సాగే ఈ పలుచని పొర, అనే భావన మీదనే ఆ తర్వాతి విమానశాస్త్రమంతా నిలబడింది. ద్రవాలూ వాయువులూ ఎలా కదులుతాయో చెప్పే, నేవియర్ 1822లో, స్టోక్స్ 1845లో రాసిన సమీకరణాలు అంతకుముందే ఉన్నాయి. అవి సరైనవేనని నేటికీ నమ్ముతున్నాం. అంటే మనకున్న చిక్కు సమీకరణాలు తెలియకపోవడం వల్ల వచ్చినది కాదు.

ఆ పలుచని పొర రెండు రకాలుగా నడవగలదు. ఒకటి, పేకముక్కల దొంతర జారినట్టు పొర మీద పొర నెమ్మదిగా జారే నడక. దీనిని పుస్తకాల్లో స్తరీయ ప్రవాహం అంటారు. రెండవది చిన్నా పెద్దా సుడులతో కలగాపులగంగా సాగే సంక్షుబ్ధ ప్రవాహం; మా ల్యాబుల్లో టర్బులెన్స్ అనే అంటాం, ఇకపై నేనూ అదే మాట వాడతాను. వినడానికి వింతగా ఉంటుంది గాని, వంపును వదలకుండా అంటిపెట్టుకోవడంలో క్రమశిక్షణ గల స్తరీయ పొర కన్నా అల్లరి టర్బులెంట్ పొరే గట్టిది. పైనున్న వేగవంతమైన గాలిని సుడులు అదేపనిగా కిందికి మోసుకొచ్చి, అలసిపోయిన పొరకు బలం అందిస్తూ ఉంటాయి. నున్నని బంతి మీద స్తరీయ పొర ముందు కొస నుంచి సుమారు 80 డిగ్రీల దగ్గరే, అంటే నడుము కూడా దాటకుండానే, విడిపోతుంది. టర్బులెంట్ పొర దాదాపు 120 డిగ్రీల దాకా వెళుతుంది. అంత దూరం అంటిపెట్టుకుంటే బంతి వెనుక సుడుల తోక సన్నబడుతుంది, గాలి నిరోధం తగ్గుతుంది.

ఇది తెలియక ఒకప్పుడు పెద్ద గొడవే జరిగింది. 1912లో పారిస్‌లో గుస్తావ్ ఈఫెల్, అవును, ఆ టవర్ కట్టిన ఈఫెలే, గోళం మీద గాలి నిరోధాన్ని కొలిచాడు. అది జర్మనీలోని గోటింగెన్ వారి కొలత కన్నా బాగా తక్కువ వచ్చింది. ఎవరి విండ్ టన్నెల్, అంటే గాలిని వదిలి వస్తువులను పరీక్షించే సొరంగం, తప్పు? ఎవరిదీ కాదు. ఈఫెల్ ఎక్కువ వేగాల్లో కొలిచాడు, అక్కడ పొర టర్బులెంట్‌గా మారిపోయింది. 1914లో ప్రాంట్‌ల్ ఒక గోళం నడుముకు కాస్త ముందుగా సన్నని తీగను వలయంగా చుట్టాడు. తీగ అడ్డుపడి పొరను చెదరగొట్టగానే, తక్కువ వేగంలో కూడా నిరోధం అమాంతం పడిపోయింది. ఒక అడ్డంకిని చేర్చితే మొత్తం అడ్డంకి తగ్గిందన్నమాట.

క్రికెట్ తెలిసినవారికి ఆ తీగ కొత్తది కాదు. బంతి కుట్టు చేసే పని అదే. కుట్టును స్లిప్స్ వైపుకు తిప్పి వదిలితే, కుట్టు ఉన్న పక్క పొర చెదిరి టర్బులెంట్ అయి వెనక దాకా అంటిపెట్టుకుంటుంది. నున్నని రెండో పక్క ముందే విడిపోతుంది. వెనుక తోక ఒక పక్కకు వంగుతుంది, దానికి ప్రతిచర్యగా బంతి కుట్టు చూసే వైపుకు జరుగుతుంది. ఉప్పల్ స్టేడియంలో బౌలరు గంటకు 130 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 36 మీటర్లతో వేశాడనుకుందాం. బంతి అడ్డుకొలత 7.2 సెంటీమీటర్లు. మన నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండటంతో గాలి కొంచెం పలుచన. ఎండాకాలపు వేడినీ కలుపుకుంటే దాని గతిక స్నిగ్ధత (స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది) సెకనుకు సుమారు 0.000017 చదరపు మీటర్లు. వేగాన్నీ అడ్డుకొలతనూ గుణించి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే రేనాల్డ్స్ సంఖ్య సుమారు లక్షన్నర. పొర ఏ నడక నడవాలో తేల్చుకోలేక ఊగిసలాడే సంఖ్య సరిగ్గా అదే. అందుకే మన మహ్మద్ సిరాజ్ వేళ్ళ మధ్య కుట్టు కాస్త అటో ఇటో అయితే బంతి నడక మారిపోతుంది. మరీ వేగంగా వేస్తే కుట్టుదాకా రాకముందే రెండు పక్కలా పొర చెదిరిపోయి, స్వింగ్ ఎదురు దిశకు తిరుగుతుంది. ఆ సంఖ్యను, లక్షన్నరను, కాసేపు గుర్తుంచుకోండి.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరకు వద్దాం. సమీకరణాలు తెలుసు కాబట్టి, బంతి చుట్టూ ఉన్న గాలిని చిన్న చిన్న గదులుగా విడగొట్టి, ప్రతి గదిలోనూ వేగం, పీడనం లెక్కించుకుంటూ పోతే సరిపోదా? సిద్ధాంతరీత్యా సరిపోతుంది. కాని అతిచిన్న సుడి కూడా గదుల మధ్య జారిపోకుండా పట్టుకోవాలి. రష్యన్ గణితవేత్త కొల్మొగొరొవ్ 1941లో వేసిన సిద్ధాంతాన్ని అనుసరిస్తే, కావలసిన గదుల సంఖ్య రేనాల్డ్స్ సంఖ్యను రెండుంపావు ఘాతానికి హెచ్చిస్తే ఎంతో, స్థూలంగా అంత. లక్షన్నరకు అది సుమారు 44 వేల కోట్లు. శంషాబాద్‌లో దిగుతున్న మధ్యరకం విమానం రెక్కకు రేనాల్డ్స్ సంఖ్య రెండు కోట్లకు కాస్త తక్కువ ఉంటుంది. దానికి గదులు దాదాపు 200 కోట్ల కోట్లు. పైగా ఈ లెక్కంతా క్షణక్షణానికీ మళ్ళీ చేయాలి. 1987లో కిమ్, మొయిన్, మోజర్ అనే ముగ్గురు టర్బులెన్స్‌ను ఏ ఊహా కలపకుండా నేరుగా లెక్కగట్టి చరిత్ర సృష్టించారు. దానికి వాడినవి సుమారు 40 లక్షల బిందువులు, అదీ వంపు అన్నదే లేని రెండు చదును గోడల మధ్య, తక్కువ రేనాల్డ్స్ సంఖ్య దగ్గర. 2022లో అమెరికాలో మొదలైన ఫ్రాంటియర్ సూపర్‌కంప్యూటర్ సెకనుకు పదివేల కోట్ల కోట్లకు మించి గుణకార, సంకలనాలు చేస్తుంది. అయినా మొత్తం విమానాన్ని ఈ పద్ధతిలో లెక్కించడం దాని చేతనూ కాదు.

అందుకని ఇంజనీర్లు సగటు తీస్తారు. ఈ దారిని 1895లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ చూపించాడు. క్షణక్షణపు గందరగోళం వద్దు, సగటు వేగం చాలు అనుకుంటాం. చిక్కు ఎక్కడ వస్తుందో చిన్న లెక్కతో చెబుతాను. ఒక చోట గాలి వేగం సగం సేపు 10, సగం సేపు 20 ఉందనుకోండి. సగటు 15, దాని వర్గం 225. కాని వర్గాలు 100, 400. వాటి సగటు 250. తేడా 25. మన సమీకరణాల్లో వేగాల లబ్ధాలు ఉన్నాయి, కాబట్టి సగటు తీయగానే ఈ 25 అనే మిగులు వచ్చి కూర్చుంటుంది. దాని విలువ సగటు వేగం నుంచి రాబట్టలేం. సుడులు మోసుకొచ్చే బలమంతా ఆ మిగులులోనే ఉంది. దానిని ఊహించి పూరించే సూత్రాలనే టర్బులెన్స్ మోడళ్ళు అంటాం. 1970లలో ప్రచారంలోకి వచ్చిన కె-ఎప్సిలాన్, 1992 నాటి స్పలార్ట్-ఆల్‌మరస్, 1994లో మెంటర్ ఇచ్చిన ఎస్‌.ఎస్‌.టి. మోడల్ అన్నీ ఈ కోవలోవే. వీటిలో కె-ఎప్సిలాన్‌కు వంపు మీద ఒక చెడ్డపేరుంది: మిట్ట ఎక్కేటప్పుడు సుడుల బలాన్ని ఎక్కువగా అంచనా వేసి, విడిపోవలసిన గాలిని కూడా అతుక్కునే ఉందని చూపిస్తుంది. మెంటర్ మోడల్ ఆ బలానికి ఒక గరిష్ఠ హద్దు పెట్టి చాలావరకు సరిదిద్దింది.

వంపు తెచ్చే చిక్కు ఇంకొకటి ఉంది, దాన్ని పాఠాల్లో తరచు దాటవేస్తారు. కుంభాకార ఉపరితలం సుడులను అణచివేస్తుంది, పుటాకార ఉపరితలం రెచ్చగొడుతుంది. ఆ ప్రభావం సమీకరణంలో వంపుకు చెందిన పదాల పరిమాణం చూసి అనుకునే దానికన్నా సుమారు పది రెట్లు ఉంటుందని 1973లో పీటర్ బ్రాడ్‌షా చూపించాడు. నేను పైన చెప్పిన మోడళ్ళకు, విడిగా సవరణ చేర్చకపోతే, ఈ సంగతే తెలియదు. సుడుల విషయంలో వాటికి వంపు గోడ, చదును గోడ ఒకటే.

నా సొంత తప్పు ఒకటి చెప్పి ముందుకు వెళతాను. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న డ్రోన్ రెక్కకు నేను సిమ్యులేషన్ చేశాను. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 15 మీటర్లు. మెష్, అంటే ఇందాక చెప్పిన గదుల వల, చక్కగా గీశాను. గోడ పక్కన మొదటి గది ఎత్తు, వెంట్రుక మందంలో మూడో వంతు కూడా లేకుండా చూసుకున్నాను. లెక్క తడబడకుండా స్థిరపడింది, రంగురంగుల బొమ్మ వచ్చింది, రెక్క పొడవునా గాలి హాయిగా అతుక్కుని ఉంది. ఆ బొమ్మను మూడు సమావేశాల్లో చూపించాను, ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత అదే రెక్కను చెక్కతో చేయించి, నల్లరంగు వేసి, ఒక కళాశాలలోని చిన్న విండ్ టన్నెల్‌లో పెట్టాం. ముందు ఊలు పోగులు అంటించాం. అవి కాస్త వణికాయి తప్ప స్పష్టంగా ఏమీ చెప్పలేదు. ఆపైన బేగంబజారులో కొన్న తెల్లరంగు పొడిని పలుచని మెషిన్ ఆయిల్లో కలిపి రెక్క మీద పూసి, గాలి వదిలాం. రెండు నిమిషాల్లో నూనె సన్నని చారలుగా వెనక్కి సాగింది. రెక్క మధ్యకు కాస్త ఇవతల మాత్రం, కట్ట దగ్గర నీరు నిలిచినట్టు, అడ్డంగా ఒక తెల్లని గీతగా పేరుకుని ఆగిపోయింది. గీత వెనుక రెండు వేళ్ళ వెడల్పున నూనె కదలనే లేదు. ఆ తర్వాత మళ్ళీ చారలు.

ఏం జరిగింది? లెక్క వేసి చూస్తే రేనాల్డ్స్ సంఖ్య లక్షా డెబ్బై వేల పైచిలుకు. క్రికెట్ బంతిదీ ఇంచుమించు ఇదే. గాలి స్తరీయంగా వచ్చి, మిట్ట ఎక్కలేక విడిపోయి, విడిపోయిన తర్వాత గాలిలోనే అస్థిరమై టర్బులెంట్‌గా మారి, ఆ బలంతో మళ్ళీ రెక్కను అంటుకుంది. మధ్యలో ఒక బుడగ మిగిలింది. నేను వాడిన మోడల్ మాత్రం రెక్క మొదటి అంచు నుంచే పొర టర్బులెంట్‌గా ఉందని అనుకుంటుంది. ఆ మాట మోడల్ రాసినవారు దాచలేదు, అడగనిది నేనే. చివరకు రెక్క ముందుభాగంలో ఉప్పుకాగితం పట్టీ ఒకటి అంటించాం. నూనె గీత మాయమైంది. అది ప్రాంట్‌ల్ తీగే, నూరేళ్ళ తర్వాత.

స్తరీయం నుంచి టర్బులెన్స్‌కు మారే ఆ దశ గురించి లోకానికి పాఠం చెప్పినవారిలో మనవాళ్ళు ఉన్నారని చాలామందికి తెలియదు. శ్రీహరికోట కేంద్రానికి 2002 నుంచి సతీశ్ ధావన్ పేరుంది. ఆయనను మనం ఇస్రో అధ్యక్షుడిగానే ఎరుగుదుం. ఆయన అసలు పని సరిహద్దు పొరల మీద. 1958లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి ఆయన, ఆయన శిష్యుడు రొద్దం నరసింహ కలిసి ఒక పత్రం రాశారు. మారే దశలో పొర అంతా ఒక్కసారిగా మారదని, అక్కడక్కడ టర్బులెంట్ మచ్చలు పుట్టి, పెరుగుతూ, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని 1951లో ఎమన్స్ చెప్పి ఉన్నాడు. ఒక చోట నిలబడి చూస్తే కాసేపు స్తరీయం, కాసేపు టర్బులెంట్. నూటికి ఎంత సేపు టర్బులెంట్‌గా ఉందన్న నిష్పత్తిని తీసుకుని, వేర్వేరు ప్రయోగాల కొలతలు ఒకే వక్రరేఖ మీదకు వస్తాయని ధావన్, నరసింహ చూపించారు. అందుకు ఒక షరతు ఉంది: మచ్చలు దారి పొడవునా కాక ఇరుకైన ఒక్క పట్టీలోనే పుడతాయని ఒప్పుకోవాలి. అది నరసింహ ఊహ. నేడు సాఫ్ట్‌వేర్లలో ఉన్న లాంగ్‌ట్రీ-మెంటర్ వంటి మోడళ్ళు ఆ నిష్పత్తికే ఒక విడి సమీకరణం రాసి గాలితోపాటు మోసుకెళతాయి. నా డ్రోన్ రెక్కను అలాంటి మోడల్‌తో మళ్ళీ లెక్కించినప్పుడు బుడగ కనిపించింది. అయితే వచ్చే గాలిలో ముందే ఎంత కల్లోలం ఉందో మనమే చెప్పాలి. ఆ అంకె కాస్త మార్చితే బుడగ జరుగుతుంది, ఇంకాస్త మార్చితే మాయమవుతుంది. విండ్ టన్నెల్ గాలి, గచ్చిబౌలి మేడల మధ్య గాలి ఒకటి కావు.

విడిపోయిన తర్వాత మళ్ళీ ఎక్కడ అతుక్కుంటుందన్నది ఇంకా కఠినమైన ప్రశ్న. దీనిని పరీక్షించడానికి నాసా వారు విండ్ టన్నెల్ నేల మీద ఒక నున్నని దిబ్బను అమర్చి కొలిచారు; 2004లో దాని మీద ఒక కార్యశాల కూడా జరిగింది. దిబ్బ పొడవును ఒకటి అనుకుంటే గాలి 0.665 దగ్గర విడిపోయి, 1.11 దాపున అతుక్కుంటుంది. సగటు మోడళ్ళు విడిపోయే చోటును బాగానే పట్టుకుంటాయి. అతుక్కునే చోటును మాత్రం 1.25 దాకా తోసేస్తాయి; అంటే సుడుల గుంట ప్రయోగం కన్నా సుమారు మూడో వంతు పొడవుగా వస్తుంది. విడిపోయిన గాలిపొరలో పెద్ద సుడులు చేసే కలయికను ఆ మోడళ్ళు తక్కువగా లెక్కిస్తాయి. ఏదో ఒక మోడల్ ఇలా తప్పితే సరిదిద్దుకోవచ్చు. ఇవన్నీ ఒకే వైపుకు తప్పుతాయి.

మధ్యేమార్గం ఒకటుంది. పెద్ద సుడులను నేరుగా లెక్కించి, చిన్నవాటిని మాత్రమే ఊహించడం. వాతావరణ లెక్కల కోసం 1963లో స్మగోరిన్‌స్కీ మొదలుపెట్టిన ఈ పద్ధతిని లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్ అంటారు. గోడ పక్కన తగినంత సన్నగా మెష్ గీసిన ఇలాంటి లెక్కలు ఆ దిబ్బ మీద ప్రయోగానికి బాగా దగ్గరగా వచ్చాయి. ఖర్చు ఎక్కువ, ఎందుకంటే గోడ దగ్గర పెద్ద సుడి కూడా చిన్నదే. 1997లో స్పలార్ట్ బృందం గోడ పక్కన సగటు మోడల్, దూరంగా పెద్ద సుడుల లెక్క అనే కలగలుపును ప్రతిపాదించింది. పూర్తిగా విడిపోయిన ప్రవాహాలకు అది బాగా పనికొస్తుంది. నున్నని వంపు మీద, విడిపోనా మాననా అని గాలి తటపటాయించే చోట, ఏ పద్ధతి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్నది మళ్ళీ మెష్ చేతిలో పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, అలాంటి చోట్ల రెండు మోడళ్ళతో, రెండు మెష్‌లతో చేసి, విడిపోయే గీత ఎంత జరిగిందో చెప్పని సిమ్యులేషన్‌ను నేను సంతకం పెట్టి పంపను.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఇంట్లో కంప్యూటర్ మీద ఇవి నేర్చుకోవడం సాధ్యమేనా అని ఒక విద్యార్థిని అడిగింది.)

సాధ్యమేనమ్మా. ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. నేను చెప్పిన దిబ్బ తాలూకు మెష్‌లు, కొలతలు నాసా వారు అందరికీ అందుబాటులో పెట్టారు. సగటు మోడల్ లెక్క మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. ముందు వారి తప్పు నీకూ అంతే వచ్చిందో లేదో చూడు. తప్పు వారితో కలిస్తే నీ లెక్క సరైన దారిలో ఉన్నట్టే.

(గోల్ఫ్ బంతికి గుంటలు ఉన్నట్టు విమానం రెక్కలకు ఎందుకు పెట్టరు అని ఒక పెద్దాయన అడిగారు.)

మంచి ప్రశ్న వేశారండీ. గోల్ఫ్ బంతి లక్షల సంఖ్య దగ్గర ఎగురుతుంది, గుంటలు లేకపోతే దాని పొర స్తరీయంగానే ఉండి ముందే విడిపోతుంది. విమానం రెక్క కోట్ల సంఖ్య దగ్గర ఉంటుంది, దాని పొర చాలావరకు ఎలాగూ టర్బులెంటే. పైగా రెక్క సన్నగా సాగిన ఆకారం కాబట్టి మామూలు ప్రయాణంలో వెనుక పెద్ద తోక ఉండదు, రాపిడే ఎక్కువ భాగం. అక్కడ గుంటలు పెడితే రాపిడి పెరగడం తప్ప ఒరిగేది లేదు. అయితే మీరన్న ఆలోచన మరో రూపంలో ఉంది. బోయింగ్ 737లో రెక్క వెనుక కిటికీ సీటు దొరికితే రెక్క పైభాగాన్ని పరికించి చూడండి, బొటనవేలంతటి చిన్న రేకులు కాస్త ఏటవాలుగా వరుసగా నిలబడి కనిపిస్తాయి. పైగాలిని సుడులుగా చుట్టి కిందికి దింపి, గాలి విడిపోబోయే చోటును వెనక్కి జరపడానికే వాటిని పెట్టారు.